పీసీ మాటిమాటికీ స్టార్ట్ అవ్వట్లేదా? పార్ట్స్ కొనే ముందు అది ఎక్కడ ఆగుతోందో చూడండి

"పీసీ ఆన్ అవ్వట్లేదు అన్నా." రిపేర్ షాపుల్లో తరచూ వినిపించే మాట ఇది. దానికి వచ్చే సమాధానాలు కూడా దాదాపు ఫిక్స్ అయిపోయాయి. ఒకటి, "బోర్డ్ పోయినట్టుంది, వదిలేసి వెళ్లండి." రెండు, "ఫార్మాట్ కొట్టేద్దాం." మొదటి సమాధానం తప్పైతే మీ డబ్బులు పోతాయి. రెండోది తప్పైతే మీ డేటా పోతుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్, ఇంట్లో వాళ్ల పాత ఫొటోలు, నాన్నగారి ట్యాక్స్ పేపర్ల స్కాన్‌లు అన్నీ ఆ ఒక్క సీ డ్రైవ్‌లోనే ఉండే ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి.

అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది. 'ఆన్ అవ్వట్లేదు' అంటే ఒక ప్రాబ్లమ్ కాదు, కనీసం నాలుగు. బటన్ నొక్కితే అసలు ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి. ఫ్యాన్లు తిరుగుతాయి కానీ స్క్రీన్ మీద ఏమీ రాకపోవడం ఇంకొకటి. కంపెనీ లోగో వచ్చి అక్కడే ఆగిపోవడం మూడోది. విండోస్ లోడ్ అవుతూ అవుతూ రీస్టార్ట్ అయిపోవడం నాలుగోది. ఈ నాలుగింటికీ కారణాలు వేరు, ఖర్చు వేరు, మీ ఫైల్స్‌కి ఉన్న రిస్క్ కూడా వేరు. మీ పీసీ ఏ మెట్టు దగ్గర ఆగుతోందో తేలిపోతే సగం పని అయిపోయినట్టే.

అందుకే స్క్రూడ్రైవర్ తియ్యకముందు ఒక పని చెయ్యండి. క్యాబినెట్ సైడ్ ప్యానెల్ తీసి, ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, అప్పుడు పవర్ బటన్ నొక్కండి. ఫ్యాన్ ఎన్ని సెకన్లు తిరిగింది, బోర్డ్ మీద ఏ లైట్ వెలిగింది, ఏ సౌండ్ వచ్చింది, స్క్రీన్ మీద ఒక్క క్షణం మెరిసి మాయమైన మెసేజ్ ఏంటి, ఇవన్నీ వీడియోని ఆపి ఆపి చూస్తే తెలుస్తాయి. కంటితో చూస్తే సగం మిస్ అవుతాం. తర్వాత షాప్‌కి తీసుకెళ్లాల్సి వచ్చినా ఈ వీడియో పనికొస్తుంది.

బటన్ నొక్కితే ఏమీ జరగట్లేదు

ఇక్కడ చాలామంది నవ్వుకునే స్టెప్పులతోనే మొదలుపెట్టాలి. గోడ సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డ్ తీసేసి పీసీని నేరుగా గోడకి పెట్టండి. యూపీఎస్ ఉంటే దాన్ని కూడా పక్కన పెట్టండి, ఎందుకంటే బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్ కరెంట్ ఉన్నా కొన్నిసార్లు అవుట్‌పుట్ ఇవ్వదు. ఎస్‌ఎంపీఎస్ వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు, సామాన్లు జరిపేటప్పుడు అది ఆఫ్ అయిపోవడం చాలా మామూలు.

ఇవన్నీ ఓకే అయితే బోర్డ్ మీద ఏదైనా చిన్న లైట్ వెలుగుతోందా చూడండి. పీసీ ఆఫ్‌లో ఉన్నా ఎస్‌ఎంపీఎస్ బోర్డ్‌కి 5 వోల్టుల స్టాండ్‌బై పవర్ ఇస్తూనే ఉంటుంది. కొన్ని బోర్డ్‌ల మీద దానికి ఎల్‌ఈడీ ఉంటుంది. ఆ లైట్ వెలుగుతూ, బటన్ నొక్కితే మాత్రం ఏమీ అవ్వకపోతే అనుమానం ముందు బటన్ మీదకే వెళ్లాలి. క్యాబినెట్ ముందు ప్యానెల్ నుంచి వచ్చే పవర్ స్విచ్ వైర్‌ని బోర్డ్ నుంచి పీకేసి, ఆ రెండు పిన్‌లని స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలపండి. అక్కడ ఉండేది చాలా తక్కువ వోల్టేజ్, షాక్ కొట్టదు. పక్క పిన్‌లకి తగలకుండా చూస్కోండి చాలు. పీసీ ఆన్ అయితే పోయింది బటన్ మాత్రమే. రీసెట్ బటన్ వైర్‌ని తెచ్చి పవర్ పిన్‌లకి పెట్టేస్తే అదే ఇక పవర్ బటన్‌గా పనిచేస్తుంది. ఖర్చు సున్నా.

ఇదే బటన్ ఇంకో రకంగా కూడా ఏడిపిస్తుంది. పీసీ ఆన్ అవుతుంది, సరిగ్గా నాలుగైదు సెకన్లకి ఆఫ్ అయిపోతుంది, ప్రతిసారీ అదే టైమ్. పవర్ బటన్‌ని నాలుగు సెకన్లపాటు నొక్కి పట్టుకుంటే పీసీ బలవంతంగా ఆఫ్ అవుతుందని మనకి తెలుసు కదా. దుమ్ము పట్టి బటన్ లోపలికి ఇరుక్కుపోతే బోర్డ్‌కి అర్థమయ్యేది కూడా అదే, ఎవరో నొక్కి పట్టుకున్నారని. దీనికి ఎస్‌ఎంపీఎస్ మార్చినా, ఇంకేం మార్చినా ఉపయోగం ఉండదు. మీ వీడియోలో ఆఫ్ అయ్యే టైమ్ చూడమన్నది ఇందుకే.

ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతే మాత్రం వేరే కథ. ఎక్కడో షార్ట్ ఉందని గ్రహించి ఎస్‌ఎంపీఎస్ తనని తాను కాపాడుకుంటోంది అన్నమాట. గ్రాఫిక్స్ కార్డ్, డ్రైవ్‌లు, ముందు యూఎస్‌బీ వైర్లు, అన్నీ పీకేసి కేవలం బోర్డ్, ప్రాసెసర్, ఒక ర్యామ్ స్టిక్‌తో ట్రై చెయ్యండి. ఆన్ అయిందా, ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ పోండి. ఏది పెట్టగానే ఆగిందో అదే దొంగ. యూఎస్‌బీ పోర్ట్ లోపలి పిన్‌లు వంగి ఒకదానికొకటి తగులుకుని మొత్తం పీసీని ఆపేసే కేసులు కూడా ఉంటాయి, టార్చ్ వేసి చూడండి.

ఎస్‌ఎంపీఎస్ గురించి ఒక్క హెచ్చరిక. దాని డబ్బా మాత్రం విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్లగ్ పీకేశాక కూడా ప్రాణం తీసేంత చార్జ్ కొంతసేపు ఉండిపోవచ్చు. మన వైపు వెనక జాలీలోంచి బల్లి దూరి షార్ట్ అయి చనిపోవడం మామూలే. వాసన వస్తోంది, లోపల ఏదో కనిపిస్తోంది అనుకున్నా కూడా అది విప్పడం మన పని కాదు. తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి అడిగి తెచ్చి, పెట్టి చూడటమే అన్నిటికంటే నమ్మకమైన టెస్ట్.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది

ఎక్కువ బోర్డ్‌లకి అన్యాయంగా డెత్ సర్టిఫికెట్ రాసేది ఈ మెట్టు దగ్గరే. కాబట్టి ఇక్కడ తొందర వద్దు.

ముందు ఒక చిన్న చిట్కా. కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కండి. లైట్ వెలిగి ఆరుతోందంటే పీసీ చాలావరకు స్టార్ట్ అయిపోయింది, మీకు కనిపించట్లేదంతే. అప్పుడు చూడాల్సింది మానిటర్, కేబుల్, కేబుల్ పెట్టిన పోర్ట్. గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న పీసీలో హెచ్‌డీఎంఐ కేబుల్‌ని బోర్డ్ పోర్ట్‌కి పెట్టేయడం కొత్త బిల్డర్లు తరచూ చేసే పని. ఐ5-12400ఎఫ్ లాగా పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో, రైజెన్ 5 5600 లాంటి వాటిలో లోపల గ్రాఫిక్స్ ఉండదు. అలాంటప్పుడు బోర్డ్ పోర్ట్‌లోంచి ఎప్పటికీ డిస్‌ప్లే రాదు, పీసీ బంగారంలా పనిచేస్తున్నా సరే. గ్రాఫిక్స్ కార్డ్ తీసేసి టెస్ట్ చేద్దాం అనుకునేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోండి.

క్యాప్స్ లాక్ లైట్ కూడా స్పందించకపోతే బోర్డ్ వైపు చూడండి. ఈమధ్య వచ్చే చాలా బోర్డ్‌ల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి లైట్లు ఉంటాయి. ఆసుస్ వాళ్లు దాన్ని క్యూ-ఎల్‌ఈడీ అంటారు, ఎంఎస్ఐ వాళ్లు ఈజీ డీబగ్ ఎల్‌ఈడీ అంటారు. స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కోటి వెలిగి ఆరుతూ పోతాయి. ఏది వెలిగి అలాగే ఉండిపోయిందో అక్కడ పని ఆగినట్టు. పాత బోర్డ్‌లకి ఈ సదుపాయం లేదు, బదులుగా చిన్న బీప్ స్పీకర్ పెట్టుకోవచ్చు. బీప్‌ల లెక్క ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, కాబట్టి మీ బోర్డ్ మాన్యువల్‌లోనే చూడండి.

లైట్లు లేకపోయినా, బీప్ రాకపోయినా నా మొదటి అనుమానం ర్యామ్ మీదే. చిప్ చచ్చిపోయి కాదు, కాంటాక్ట్ సరిగ్గా లేక. కోస్తా ఊళ్లలో గాలిలో తేమ, ఉప్పు. వేసవిలో తెలంగాణ వైపు దుమ్ము. ఏదైనా సరే రెండు మూడేళ్లలో ఆ బంగారు కాంటాక్ట్‌ల మీద పల్చటి పొర కట్టేస్తుంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ని ఒకసారి నొక్కి మిగిలిన చార్జ్ పోగొట్టి, ర్యామ్ స్టిక్‌లు తియ్యండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో కాంటాక్ట్‌లు తుడవండి. అది దొరక్కపోతే మెత్తటి తెల్ల రబ్బర్‌తో మెల్లగా రుద్ది, ఆ పొడి అంతా దులిపేయండి. పొడి స్లాట్‌లో పడితే ఉన్న కంప్లైంట్‌కి ఇంకోటి తోడవుతుంది. స్లాట్‌ని బ్రష్‌తో శుభ్రం చేసి, ఒకే ఒక్క స్టిక్ పెట్టండి. నాలుగు స్లాట్‌ల బోర్డ్ అయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, అంటే ఏ2 స్లాట్. 'టక్' మని గట్టిగా కూర్చునేదాకా నొక్కండి. రాకపోతే రెండో స్టిక్‌తో అదే స్లాట్, తర్వాత వేరే స్లాట్. ఇలా మార్చి మార్చి చూస్తే పోయింది స్టిక్కా, స్లాటా అన్నది కొత్తది కొనకుండానే తేలిపోతుంది.

డీడీఆర్5 పీసీ వాడేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ర్యామ్ మార్చినా, బయోస్ రీసెట్ చేసినా ఆ తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డ్ మెమరీ ట్రైనింగ్ చేస్తుంది. ఆ టైమ్‌లో స్క్రీన్ నల్లగానే ఉంటుంది, డీర్యామ్ లైట్ వెలుగుతూనే ఉంటుంది. ముఖ్యంగా ఏఎండీ ఏఎం5 బోర్డ్‌లలో ఇది కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ముప్పై సెకన్లకే చిరాకొచ్చి పవర్ ఆపేస్తే ట్రైనింగ్ మళ్లీ మొదటికొస్తుంది. మనమేమో 'ఎన్నిసార్లు ఆన్ చేసినా రావట్లేదు' అని ఫిర్యాదు చేస్తాం. పది నిమిషాలు వదిలేసి టీ తాగి రండి.

ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసిన తర్వాత నుంచే గొడవ మొదలైతే సీమాస్ క్లియర్ చెయ్యాలి. ప్లగ్ పీకేసి, బోర్డ్ మీది నాణెం లాంటి బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ పెట్టడం, లేదా మాన్యువల్‌లో చూపించిన జంపర్ వాడటం. ఇది చేసే ముందు మాత్రం కింద రాసింది చదవండి.

నాణెం బ్యాటరీ వేసే ట్రాప్

దాని పేరు సీఆర్2032, మూడు వోల్టుల లిథియం బ్యాటరీ, వాచ్ షాపుల్లో కూడా దొరుకుతుంది. ప్లగ్ పీకినా బోర్డ్‌కి టైమ్ గుర్తుండేది దీనివల్లే. పాత పీసీ ప్రతిసారీ 'ఎఫ్1 నొక్కండి' అని అడుగుతున్నా, తేదీ ఏళ్ల వెనక్కి పోతున్నా ఇది అయిపోయినట్టే. వంద రూపాయల లోపు పని. మార్చేస్తారు. ఆ తర్వాతే కొందరి పీసీల్లో విండోస్ అస్సలు రాదు. 'బ్యాటరీ మారిస్తే హార్డ్ డిస్క్ పోయింది' అని కంగారుపడి ఫార్మాట్‌కి సిద్ధపడిపోతారు.

నిజానికి డిస్క్‌కి ఏమీ కాలేదు. బ్యాటరీ తీసినప్పుడు బయోస్ సెట్టింగ్స్ ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోయాయి. మీ విండోస్ పాత పద్ధతిలో, అంటే లెగసీ మోడ్‌లో ఇన్‌స్టాల్ అయి ఉండి, బయోస్ ఇప్పుడు యూఈఎఫ్ఐ మోడ్‌కి మారిపోతే దానికి ఆ డిస్క్‌లో బూట్ చెయ్యడానికి ఏమీ కనిపించదు. అలాగే స్టోరేజ్ మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారితే విండోస్ సగం దూరం వచ్చి, 'ఇనాక్సెసబుల్ బూట్ డివైస్' అని బ్లూ స్క్రీన్ వేసి రీస్టార్ట్ అవుతుంది. మందు చాలా చిన్నది: బయోస్‌లోకి వెళ్లి ఆ సెట్టింగ్‌ని పాత స్థితికి మార్చడమే. పాత స్థితి ఏదో గుర్తులేకపోయినా పర్లేదు, ఉన్నవి రెండో మూడో ఆప్షన్‌లే, ఒక్కోటి మార్చి చూడొచ్చు. బ్యాటరీ తీసే ముందు, పీసీ ఇంకా బయోస్‌లోకి వెళ్తుంటే, అన్ని పేజీలకీ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకుంటే ఈ తిప్పలే ఉండవు.

లోగో వస్తోంది, విండోస్ రావట్లేదు

'నో బూటబుల్ డివైస్' అని వచ్చిందంటే ముందు పెన్ డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు అన్నీ పీకెయ్యండి. తర్వాత బయోస్‌లో మీ ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోందా చూడండి. పేరు ఉంటే బూట్ ఆర్డర్ సంగతి. పేరే లేకపోతే సాటా కేబుల్ మార్చండి, ఎం.2 డ్రైవ్ అయితే స్క్రూ తీసి మళ్లీ కూర్చోబెట్టండి. ఒకసారి కనిపించి, ఒకసారి మాయమైపోతుంటే ఆ డ్రైవ్ ఇక నమ్మదగింది కాదు. కనిపించిన రోజే ఫైల్స్ బయటికి తీసెయ్యండి.

హార్డ్ డిస్క్ 'టిక్, టిక్' అని కొట్టుకుంటుంటే అక్కడితో ఆపెయ్యండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం, చెక్ డిస్క్ రన్ చెయ్యడం లాంటివి వద్దు. చెక్ డిస్క్ ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే టూల్, చచ్చిపోతున్న డిస్క్‌కి వైద్యం చేసేది కాదు. మొత్తం డిస్క్ చదివించి ఉన్న కాస్త ప్రాణాన్నీ తీసేస్తుంది. అందులో ఉన్నవి నిజంగా విలువైనవైతే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి, ఖర్చైనా సరే.

విండోస్ వస్తూ వస్తూ తిరిగి మొదటికి

గుండ్రంగా చుక్కలు తిరుగుతాయి, బ్లూ స్క్రీన్, రీస్టార్ట్, మళ్లీ చుక్కలు. ఇలాంటప్పుడు చాలామందికి తోచే ఒకే ఒక్క మార్గం విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యడం. దానికంటే ముందు రెండు ప్రశ్నలకి సమాధానం ఉండాలి. ఫైల్స్ బయటికి తీశారా? మీ డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందా?

రెండో ప్రశ్న ఈమధ్య చాలా పెద్దదైపోయింది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన చాలా పీసీల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయిపోతుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా. మామూలు రోజుల్లో అది ఉన్నట్టే తెలీదు. బయోస్ అప్‌డేట్ చేసినా, సీమాస్ క్లియర్ చేసినా, ప్రాసెసర్ మార్చినా, రిపేర్ కోసం డ్రైవ్ తీసి వేరే పీసీకి పెట్టినా అప్పుడు బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డ్రైవ్ భేషుగ్గా ఉన్నా సరే లోపలి ఫైల్స్ ఎవ్వరూ తియ్యలేరు, షాప్ వాళ్లైనా, మైక్రోసాఫ్ట్ వాళ్లైనా. డెస్క్‌టాప్ సెటప్ చేసిచ్చిన కుర్రాడు తన ఈమెయిల్‌తో సైన్ ఇన్ చేసి ఉంటే, కీ అతని అకౌంట్‌లో కూర్చుని ఉంటుంది. ఇది చదువుతున్న మీ పీసీ ఇప్పుడు బాగానే పనిచేస్తుంటే, ఫోన్‌లోనే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి డివైసెస్ కింద రికవరీ కీ ఉందో లేదో చూడండి. ఉంటే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఈ కీ ఎంత పని చేస్తుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు సరిగ్గా ఇలాంటి లూప్‌లోనే పడ్డాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ప్యాసింజర్లకి బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. మందు ఏంటంటే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ సంస్థ ఫోల్డర్‌లోంచి ఒక ఫైల్ డిలీట్ చెయ్యడం. చెప్పుకోడానికి ఐదు నిమిషాల పని. కానీ ఎన్‌క్రిప్ట్ అయిన ప్రతి మెషీన్ దగ్గరా ముందు ఆ 48 అంకెలు కొట్టాలి. దాంతో చాలా ఆఫీసుల్లో ఐటీ వాళ్లు రోజుల తరబడి మెషీన్ తర్వాత మెషీన్ కూర్చుని బాగుచేశారు. ఎవ్వరి హార్డ్‌వేరూ పోలేదు, ఫార్మాట్ కూడా అవసరం పడలేదు.

మన ఇంటి పీసీలో కూడా దారి అదే. విండోస్ వరసగా రెండుసార్లు స్టార్ట్ అవ్వలేకపోతే తనే రికవరీ స్క్రీన్ చూపిస్తుంది. చూపించకపోతే చుక్కలు తిరుగుతున్నప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టి ఆఫ్ చెయ్యండి, రెండు మూడుసార్లు అలా చేస్తే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల అన్నీ ఉంటాయి.

నేనైతే అక్కడ ముందు వెళ్లేది కమాండ్ ప్రాంప్ట్‌కి, అదీ రిపేర్ కోసం కాదు. అక్కడ నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొడితే మామూలు నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద 'ఆల్ ఫైల్స్' సెలెక్ట్ చేస్తే మీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. ఆ చిన్న విండోలోనే రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్ డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. ఎంతవరకు అయ్యిందో చూపించే బార్ ఉండదు, హ్యాంగ్ అయినట్టు అనిపిస్తుంది, ఓపిక పట్టండి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోయి మీ సీ డ్రైవ్ డీ అని కనిపించొచ్చు, అది చూసి భయపడక్కర్లేదు. ఫైల్స్ ఎక్కువుంటే ఉబుంటు పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా 'ట్రై' మోడ్‌లో ఉండి కాపీ చేసుకోవడం ఇంకా హాయి.

ఫైల్స్ బయటికొచ్చాక ఇక ధైర్యంగా ఆడుకోవచ్చు. గొడవ ఈమధ్యే అప్‌డేట్ తర్వాత మొదలైతే 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' వాడండి. కొత్త డ్రైవర్ వేశాక మొదలైతే స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్, అక్కడ డ్రైవర్ తీసెయ్యండి. సేఫ్ మోడ్‌లో బాగా నడిచి మామూలుగా నడవకపోతే తప్పు దాదాపు సాఫ్ట్‌వేర్‌దే. స్టార్టప్ రిపేర్ నా అనుభవంలో పనిచేసేకంటే పనిచెయ్యనిదే ఎక్కువ, కానీ దానివల్ల నష్టం లేదు కాబట్టి ఒకసారి నొక్కి చూడండి.

బ్లూ స్క్రీన్ మీద ప్రతిసారీ వేరే వేరే ఎర్రర్ పేరు వస్తుంటే, లేదా విండోస్ ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడే ఆగిపోతుంటే సాఫ్ట్‌వేర్‌ని వదిలెయ్యండి. మెమ్‌టెస్ట్86+ అనే ఫ్రీ టూల్‌ని పెన్ డ్రైవ్‌లో వేసి రాత్రంతా రన్ చెయ్యండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ సెట్టింగో, స్టిక్కో తేడా ఉన్నట్టే. ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి మళ్లీ టెస్ట్ చెయ్యండి. పాడైన ర్యామ్ మీద విండోస్ ఎన్నిసార్లు వేసినా వారంలో మళ్లీ అదే కథ.

మూడోసారికి ఆన్ అయ్యే పీసీ

అన్నిటికంటే విసిగించేది ఇదే. పొద్దున్న మొదటిసారి రాదు, రెండోసారి రాదు, మూడోసారి వచ్చేసి సాయంత్రం దాకా చక్కగా నడుస్తుంది. ఇలాంటి కంప్లైంట్‌తో షాప్‌కి తీసుకెళ్తే అక్కడ టక్కున ఆన్ అయిపోయి మన పరువు తీస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు రాకుండా, వేడెక్కాక వస్తుంటే పాతబడిన ఎస్‌ఎంపీఎస్ మీద నా ఓటు. లోపలి కెపాసిటర్లు ముసలివైపోతే మొదటి కుదుపుకి తట్టుకోలేవు. బోర్డ్ మీది కెపాసిటర్లని కూడా చూడండి, పైభాగం చదునుగా ఉండాలి, ఉబ్బినా, కారినా అయిపోయినట్టే. బయోస్‌లో 12 వోల్టుల రీడింగ్ ఉంటుంది. స్టాండర్డ్ ప్రకారం అది 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6 దాకా. బయట ఉంటే అనుమానించాలి, లోపల ఉన్నంత మాత్రాన క్లీన్ చిట్ ఇవ్వకూడదు.

ఇంకో రకం ఉంది: షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రాదు, రీస్టార్ట్ కొడితే వస్తుంది. దీనికి తరచుగా కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు, విండోస్ కోర్ భాగాన్ని డిస్క్ మీద సేవ్ చేసి పడుకోబెడుతుంది. రీస్టార్ట్ మాత్రం మొత్తం కొత్తగా మొదలవుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' లోపల దాన్ని ఆఫ్ చేసి ఒక వారం చూడండి. ఎస్‌ఎస్‌డీ ఉన్న పీసీలో స్పీడ్ తేడా పెద్దగా తెలీదు.

ఆన్ అయిన ఒకటి రెండు నిమిషాలకి, బయోస్ స్క్రీన్‌లో ఊరికే ఉన్నా సరే ఆఫ్ అయిపోతుంటే ప్రాసెసర్ కూలర్ చూడండి. ఇంటెల్ బాక్స్‌లో వచ్చే కూలర్ల ప్లాస్టిక్ పిన్‌లలో ఒకటి పైకి లేచినా చాలు, టెంపరేచర్ ఎగబాకుతుంది.

ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్-పవర్ 41' అని ఎర్రటి ఎంట్రీ చూసి ఎస్‌ఎంపీఎస్ ఆర్డర్ పెట్టేసేవాళ్లు చాలామంది. ఆగండి. ఆ ఎంట్రీకి అర్థం పీసీ సరిగ్గా షట్‌డౌన్ అవ్వలేదని మాత్రమే. ఎందుకు అవ్వలేదో అది చెప్పదు. మీరు బటన్ నొక్కిపట్టి ఆఫ్ చేసినా అదే ఎంట్రీ పడుతుంది.

కరెంట్ పోయి ఇన్వర్టర్‌కి మారే క్షణంలోనే రీస్టార్ట్ అవుతుంటే పీసీలో లోపం వెతక్కండి. ఎస్‌ఎంపీఎస్ తన దగ్గర ఉన్న చార్జ్‌తో ఆగగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ మారడానికి అంతకంటే ఎక్కువ తీసుకుంటే పీసీ పడిపోతుంది. చాలా హోమ్ ఇన్వర్టర్ల వెనకాల 'యూపీఎస్ మోడ్' స్విచ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే మారే టైమ్ తగ్గుతుంది. క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటుంటే మాత్రం ఎర్తింగ్ లేదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, పీసీ సంగతి తర్వాత.

షాప్‌కి వెళ్లాల్సి వస్తే

అన్నీ చూశాక కూడా తేలకపోతే షాపే దారి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లినా, మీ ఊరి బస్టాండ్ దగ్గర షాప్‌కి వెళ్లినా 'ఆన్ అవ్వట్లేదు' అనొద్దు. "డీర్యామ్ లైట్ ఆగిపోతోంది, రెండు స్టిక్‌లూ రెండు స్లాట్‌లలో చూశా, వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టినా అంతే" అని చెప్పండి, వీడియో చూపించండి. అవతలి మాట తీరే మారిపోతుంది.

గొడవ డిస్‌ప్లే కంటే ముందే ఉంటే డ్రైవ్ ఇంట్లోనే తీసిపెట్టి వెళ్లండి. ఆ రిపేర్‌కి మీ ఎస్‌ఎస్‌డీ అవసరం లేదు. డ్రైవ్ కూడా ఇవ్వాల్సి వస్తే 'డేటా ఉంది, ఫార్మాట్ చెయ్యకూడదు' అని జాబ్ షీట్ మీద రాయించండి, నోటిమాట సరిపోదు. ఏ పార్ట్ మార్చినా పాతది తిరిగి ఇమ్మనండి. డబ్బులు కట్టే ముందు ఆ పాత పార్ట్ సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మంచి ఎస్‌ఎంపీఎస్‌లకి వారంటీ ఏళ్ల తరబడి ఉంటుంది. మీరు కొత్తగా కొనబోయేది కంపెనీ ఉచితంగా మార్చి ఇవ్వాల్సిందే కావొచ్చు.